అడగని పిల్ల

ఆ ఏడాది ఉదయగిరిలో ఫోన్ చదువును తిట్టని తల్లి లేదు, తండ్రీ లేడు. ఒక్క జరీనా తప్ప.

కరోనా పుణ్యమా అని మార్చిలో బడికి తాళం పడింది. జూలై వచ్చేసరికి పాఠాలన్నీ ఫోన్లోకి వచ్చి కూర్చున్నాయి. అప్పటిదాకా ఫోన్ ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతామన్నవాళ్ళకే, ఇప్పుడు ఫోన్ పట్టుకుని కూర్చోమని పిల్లల గడ్డాలు పట్టుకోవాల్సి వచ్చింది. కళ్ళు పోతాయని ఒకరు, మెడలు వంకరపోతాయని ఒకరు, ఉన్న ఒక్క ఫోనూ ముగ్గురు పిల్లలకు ఎట్లా పంచాలని ఇంకొకరు. బస్టాండు వెనక మోటార్లకు వైండింగ్ చేసే హెన్రీ అయితే కనబడిన ప్రతివాడినీ ఆపి మరీ చెప్పేవాడు. వాళ్ళబ్బాయి పదో తరగతి పాఠాలు దుప్పట్లో పడుకుని వింటున్నాడట, మేడం గొంతు వినబడితే చాలు ఒళ్ళు తెలియని నిద్ర పడుతోందట, ఈ వైద్యమేదో తనకూ చేయిస్తే బాగుండునట.

జరీనా మాత్రం ఈ గోలంతా విని మూతి విరిచేది. ఆమె కూతురు తస్లీమా కూడా అదే పదో తరగతి, అదే మేడం, అదే ఫోన్. పొద్దున తొమ్మిదిన్నర కొట్టకముందే పిల్ల తలకు ఓణీ సర్దుకుని, నడిమింట్లో గోడకానుకుని కూర్చునేది. గూట్లో నిలబెట్టిన ఫోన్ మీద నుంచి చూపు తిప్పేది కాదు. మేడం ఏం గీస్తే అది గీసేది, ఏం రాస్తే అది రాసేది. పన్నెండు దాకా ఉలుకూ పలుకూ లేదు. చదువంటే ఇదీ అనిపించేది జరీనాకు. పిల్ల కళ్ళ ముందుంది, ఎండలో నడిచి పోయే పని లేదు, రోడ్డు మీద వెధవల వెకిలి నవ్వులు పడే పని లేదు. ఇంతకంటే ఏం కావాలి?

జరీనాది ఆ వీధిలో అందరిళ్ళలోనూ ఉండే పనే. కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెయ్యడం. కొండ మీది నుంచి వచ్చిన కొయ్యను మొగవాళ్ళు రంపంతో కోసి బాడిశతో చెక్కిస్తే, ఆడవాళ్ళు ఆకురాయి పట్టి నునుపు చేసి, కాడల మీద చిల్లుల జాలీ పనీ, పువ్వులూ గుండ్రాలూ తీస్తారు. ఆమె పుట్టింది ఆత్మకూరులో. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయి వచ్చేనాటికి చెంచాతో తినడమే తెలుసు గానీ చెంచా పుట్టేది ఎట్లాగో తెలియదు. నేర్పింది అత్త మెహతాబ్‌బీ.

నేర్పింది అనడం కూడా ఎక్కువే. మెహతాబ్‌బీ పక్కన కూర్చోబెట్టుకుంది, అంతే. వచ్చిన పదో రోజున జరీనా నోరు ఊరుకోక, ఆకురాయిని ఎప్పుడూ ఒకే వైపుకు ఎందుకు తొయ్యాలమ్మా అని అడిగింది. మెహతాబ్‌బీ చేతిలో పని ఆపకుండానే, "కళ్ళు లేవా నీకు?" అంది. ఆ ఇంట్లో పద్ధతి అది. ఉస్తాద్ చెయ్యి చూడాలి. చూసినదాన్ని ఉన్నదున్నట్టు చెయ్యాలి. అడిగినవాడు చూడనట్టే లెక్క. జరీనా ఆ ఒక్క మాటకు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో పని గురించి ఇంకో ప్రశ్న అడగలేదు. చెయ్యి మాత్రం ఎంత తిరిగిందంటే, నెల్లూరు షాపుల వాళ్ళు జరీనా తీసిన జాలీ కావాలని పేరు పెట్టి అడిగేవాళ్ళు. కాబట్టి పద్ధతి మంచిదేనని ఆమెకు గట్టి నమ్మకం. తస్లీమాను ఎనిమిదో ఏట పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు తనూ అదే చెప్పింది. "అడగబాక. చూడు."

పిల్ల బంగారం. పదేళ్ళకే ఫోర్కు పళ్ళు చీల్చింది. పన్నెండేళ్ళకు గుండ్రం తిప్పడం వచ్చేసింది. వచ్చింది చిక్కంతా అక్కడే. మనవరాలి చెయ్యి చూసిన మెహతాబ్‌బీకి ఇక బడి మీద మనసు విరిగింది. బడి మూత పడగానే, మంచిదే అయిందిలే, పిల్లను పూర్తిగా పనిలో పెడదాం అంది. ఎగ్జిబిషన్లు లేవు, గిరాకీ లేదు, అయినా ఇవాళ కాకపోతే రేపు వస్తుంది, అప్పటికి చేతులు కావాలి కదా అని ఆమె వాదన. గూట్లో పెట్టిన అద్దంలోకి చూస్తూ కూర్చుంటే చదువు వస్తుందంటే నమ్మడానికి తనేమన్నా పిచ్చిదా అని కూడా అడిగింది. జరీనా మొగుడు ఖలీలుల్లా ట్రాలీ ఆటోలో ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య సరుకు తోలతాడు. తల్లి మాట కాదనలేడు, పెళ్ళాం మొహం చూడలేడు. ఇద్దరి మధ్యా నలిగి నలిగి చివరికి ఒక గడువు పెట్టాడు. అక్టోబరు ఆఖర్లో వచ్చే మిలాద్ పండగ దాకా చూద్దాం, పిల్లకు నిజంగా చదువు వస్తోందంటే సరే, లేదంటే అమ్మ చెప్పినట్టే అన్నాడు.

"వస్తా ఉండాది. నేను హామీ," అంది జరీనా. ఆ మాట అనేటప్పుడు ఆమెకు ఏ అనుమానమూ లేదు.

అక్కడితో ఊరుకుందా? లేదు. బడి గ్రూపులో తల్లిదండ్రులంతా ఫోన్ చదువును దుమ్మెత్తి పోస్తుంటే తట్టుకోలేక, ఒకనాడు తన గొంతుతో ఒక మెసేజీ పెట్టింది. మా ఇంట్లో ఈ చదువు చాలా బాగుంది, మా పాప బడిలోకంటే ఇంట్లోనే శ్రద్ధగా వింటోంది, ప్రమీలారాణి మేడం గారికి రుణపడి ఉంటాం అని. ప్రమీలారాణి లెక్కల మేడం. నాలుగు దిక్కుల నుంచీ తిట్లు తిని తిని ఉన్న హెడ్మాస్టర్ మోహన్‌కృష్ణ సారుకు ఆ మెసేజీ ఎండలో మజ్జిగ దొరికినట్టయింది. దాన్ని ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అన్ని గ్రూపులకూ పంపించాడు. జరీనా పేరు ఊళ్ళో మోగిపోయింది. హెన్రీ ఎదురుపడి, నీ వల్ల మా ఇంట్లో నాకు చీవాట్లు పడుతున్నాయమ్మా అని నిష్ఠూరమాడాడు కూడా. జరీనా ముసిముసిగా నవ్వుకుంది. గర్వమే, ఎందుకు కాదనాలి?

అక్టోబరు మొదట్లో నెల్లూరు నుంచి ఒక చిన్న ఆర్డర్ వచ్చింది. ఆర్నెల్ల తర్వాత వచ్చిన మొదటి పని. సలాడ్ వడ్డించే పెద్ద గరిటెలు, కాడ మీద మూడు గుండ్రాలు ఒకదానికొకటి తగిలీ తగలకుండా ఉండాలట. జరీనాకు కాగితం మీద వేసి చూసుకోవాలనిపించింది. తస్లీమా స్నానానికి పోయి ఉంది. గూట్లో చేతికందిన నోటు పుస్తకం తీసి ఖాళీ పేజీ కోసం తిప్పింది.

అందులో గుండ్రాలే ఉన్నాయి. లెక్కల పుస్తకం అది. జరీనాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు కూడబలుక్కోవాలి, లెక్కలు అసలే రావు. కానీ గుండ్రం వచ్చు. ఇరవై ఏళ్ళుగా కొయ్య మీద కంపాస్ తిప్పిన మనిషి. ఆ పేజీలో గుండ్రానికి కుడిపక్క మెట్లు మెట్లుగా ఉంది. చెయ్యి జారి వచ్చిన వంకర కాదు అది. ఒక్కొక్క మెట్టూ స్కేలు పెట్టి పెన్సిలుతో శ్రద్ధగా గీసింది. బయట ఒక చుక్క నుంచి బయలుదేరిన గీత గుండ్రం దాకా రాకుండానే గాల్లో ఆగిపోయింది. ఇంకో పేజీలో గుండ్రం నడుమ కొంత మేర ఖాళీ వదిలేసి ఉంది. ఆ ఖాళీకి ఐదు వేళ్ళున్నాయి.

తల తుడుచుకుంటూ వచ్చిన తస్లీమాను పిలిచి, ఇదేమిటని అడిగింది.

"మేడం వేసిందే. అక్కడ మేడం చెయ్యి అడ్డం వచ్చినాది," అంది పిల్ల.

"మరి ఈ మెట్లు?"

"ఫోన్లో అట్టనే కనపడినాది అమ్మీ. నెట్ సరిగ్గా లేనప్పుడు అట్టనే వస్తాది."

జరీనా పేజీలు వెనక్కి తిప్పింది. సెప్టెంబరు, ఆగస్టు, జూలై. నెట్ ఆగిపోయిన చోటల్లా లెక్క సగంలో తెగి ఉంది. మర్నాటి తేదీ వేసి ఇంకో లెక్క నడిమధ్యలోంచి మొదలై ఉంది. బోర్డు మీద కిటికీ వెలుతురు పడి అక్షరాలు కనబడని చోట ఆ వెలుతురు ఆకారాన్ని కూడా తెల్లగా వదిలి చుట్టూ రాసింది. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మరక లేదు. ఉస్తాద్ చేతిని చూసి ఉన్నదున్నట్టు దించిన పని. మూడు నెలల పని. అంత అందంగా ఉండబట్టే జరీనా ఆ పుస్తకాన్ని మూసెయ్యలేకపోయింది.

ఇందులో ఏదన్నా అర్థమైందా అని అడిగితే పిల్ల తల వంచుకుంది. మేడంను ఎందుకు అడగలేదని రెట్టిస్తే కళ్ళెత్తి నిజంగానే ఆశ్చర్యంగా చూసింది.

"అడగబాకన్నావు గదమ్మీ. చూస్తా ఉంటే వస్తాదన్నావు. నేను చూస్తానే ఉండా. రావడం లేదు."

మొదట ఒళ్ళు మండింది. పిల్ల మీద, మేడం మీద, ఫోన్ మీద, ఫోన్ కనిపెట్టినవాడి మీద, వాడిని కన్న తల్లి మీద కూడా. ఒక పూటంతా గిన్నెలు ఎత్తేసి కొట్టింది. మంట ఆరాక మిగిలింది సిగ్గు. బిడ్డ మూడు నెలలుగా గోడకానుకుని, ఏమీ తెలియని దాంట్లోకి రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంటే, తను దాన్ని చూసి మురిసిపోయింది. మురిసిపోయింది చాలక ఊరంతా చాటింపు వేసింది.

సిగ్గు వెనకాలే భయం వచ్చింది. ఈ సంగతి మెహతాబ్‌బీకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? పండగ దాకా ఆగే పని కూడా ఉండదు. పిల్ల మర్నాటి నుంచే ఆకురాయి పట్టుకుంటుంది. పని చెడ్డదని కాదు. ఆ పనితోనే జరీనాకు ఇంత పేరూ ఇంత ముద్దా. కానీ తస్లీమా పదో తరగతి పాసై, ఆత్మకూరులో ఇంటర్ చదివి, ఆ తర్వాత ఇంకా ఏదో చదవాలని తల్లీ కూతుళ్ళు ఇద్దరూ వంటింట్లో గుసగుసగా ఎన్ని మధ్యాహ్నాలు అనుకున్నారో లెక్క లేదు. జరీనా నోటు పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక్కి తోసేసింది. పిల్లకు కొత్త పుస్తకం ఇచ్చి, నాయనమ్మకు చెప్పవద్దంది.

మర్నాడు క్లాసు జరిగేటప్పుడు పని చేసుకుంటున్నట్టు నటిస్తూ కూతురి వెనకాల చేరి, మొదటిసారి ఆ క్లాసును తను కూడా చూసింది. ప్రమీలారాణి మేడం తన ఇంట్లోనే గోడకు చిన్న బోర్డు తగిలించుకుంది. ఫోన్‌ను కుర్చీకి చున్నీతో కట్టుకున్నట్టుంది, మాటిమాటికీ జారిపోతుంటే వచ్చి సరిచేసుకుంటోంది. ఫోన్లో పిల్లల పేర్లతో ముప్పై రెండు గళ్ళు, ఒక్కదాంట్లోనూ మొహం లేదు. "అర్థమైందా?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. కాసేపు ఆగి మళ్ళీ అడిగింది. ఎక్కడో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మేడం చాక్‌పీసు రెండు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ, సరే అని తనకు తనే చెప్పుకుని ముందుకు పోయింది. జరీనాకు ఆమె మీద ఉన్న కోపం కాస్తా అక్కడే నీరుకారిపోయింది. పాపం, చెవిటి గోడకు చెప్పినట్టు మూడు నెలలు ఎట్లా చెప్పిందో ఆ తల్లి.

ఆ సాయంత్రమే మోహన్‌కృష్ణ సారు ఫోన్ చేశాడు. ఆదివారం పదకొండు గంటలకు తల్లిదండ్రులందరితో ఫోన్లోనే మీటింగు పెడుతున్నాడట. ఈ చదువు ఆపాలా, కొనసాగించాలా అని అందరి అభిప్రాయాలూ అడుగుతాడట. ఎక్కువమంది ఆపెయ్యమనేలా ఉన్నారు కాబట్టి మొదట జరీనాయే మాట్లాడాలట. మెసేజీలో చెప్పినట్టే చెప్పు తల్లీ, పిల్లల భవిష్యత్తు నీ చేతిలో ఉంది అన్నాడు. అబ్బ, ఎంత మాట! జరీనా సరే సార్ అని పెట్టేసింది.

మూడు రోజులు గడిచాయి. చెప్పేసి బయటపడదామని పొద్దున అనుకునేది, నోరు మూసుకుని ఎట్లాగో తనే సర్దుకుందామని మధ్యాహ్నానికి అనుకునేది. సర్దుకోవడానికి ప్రయత్నం కూడా చేసింది. కూతుర్ని వంటింట్లో కూర్చోబెట్టుకుని, చెక్క మీద మంచి గుండ్రం తిప్పి, దానికి ఒక్క చోటే తగిలేలా నిట్టనిలువు గీత గీసి చూపించింది. గీత అద్భుతంగా వచ్చింది. ఇది ఇక్కడే ఎందుకు తగలాలి, ఎంత పొడవు, ఎట్లా కట్టాలి అంటే తల్లి మళ్ళీ ఇంకో గుండ్రమే తిప్పింది. చూపించడం వచ్చు, చెప్పడం రాదు. తనకు మాత్రం ఎవరు చెప్పారు గనక.

ఆదివారం వచ్చింది. ఖలీలుల్లా బండి ఆపేసి, గడ్డం గీసుకుని, పెళ్ళాం మాట్లాడేది వినడానికి పక్కన చేరాడు. సారు మొదట మా ఇంటావిడనే మాట్లాడమన్నాడని పక్కింట్లో కూడా చెప్పొచ్చినట్టున్నాడు. మెహతాబ్‌బీ వసారాలో కూర్చుని గరిటె కాడకు ఆకురాయి పడుతోంది. ఫోన్ గొంతు వసారాలోకి బాగానే వినిపిస్తుంది.

మీటింగు మీటింగులా మొదలవలేదు, సంతలా మొదలైంది. ఎవరింట్లోదో కుక్కర్ కూత, ఎవరిదో కోడి. ఒకాయన ఫోన్ ఆన్‌లో ఉందని తెలియక ఈ సారుకు ఆదివారం కూడా పని లేదా అనేశాడు, అందరూ విన్నారు, సారు కూడా విన్నాడు. హెన్రీ తన మొహానికి బదులు ఇంటి పైకప్పు చూపిస్తూ, పిల్లాడు పగలు నిద్ర, రాత్రి గేములు అయిపోయాడని ధ్వజమెత్తాడు. ఎవరో తల్లి, పాఠాలు ఉన్నా లేకపోయినా పిల్ల ఇంటిపట్టున ఉంటే చాలంది. సారు అందరి నోళ్ళూ మూయించి, ఈ చదువు బాగుందని తనంతట తనే చెప్పిన తల్లి మాట ఒకసారి విందామని జరీనా పేరు పిలిచాడు. తస్లీమా వేలు పెట్టి మైకు ఆన్ చేసి, తల్లి మొహంలోకి చూసింది. పిల్ల కళ్ళల్లో భయం ఉంది. తన కోసం కాదు, తల్లి కోసం. అది చూశాక జరీనా ఇక ఆగలేకపోయింది.

"సార్, నమస్తే. నేను తస్లీమా వాళ్ళమ్మని. ఆ మెసేజీ తెలీక పెట్టినాను. నా బిడ్డ దినామూ కూచుంటాది, దినామూ రాస్తాది. లెక్కల్లో దానికి ఒక్క ముక్క రాలేదు. మూడు నెలలుగా రాలేదు."

వసారాలో ఆకురాయి చప్పుడు ఆగిపోయింది. ఖలీలుల్లా చెయ్యి గీసుకున్న గడ్డం మీదే ఉండిపోయింది. ఇంత చెప్పాక మిగిలింది దాచి లాభమేముంది, జరీనా మొత్తం చెప్పేసింది. బియ్యం డబ్బా వెనక పుస్తకం సంగతి, ఐదు వేళ్ళ ఖాళీ సంగతి.

"మేడం తప్పు గాదు సార్. బిడ్డ తప్పు గాదు. అడగబాకని చెప్పి పెంచింది నేను. మా పనిలో అడగరు. నేను గూడా ఎప్పుడూ అడగలేదు." ఫోన్‌కు ఇంకా దగ్గరగా జరిగింది. మళ్ళీ అంది. "ఇప్పుడు అడగతా ఉండా. మేడం, మళ్ళీ మొదటినుంచి చెప్తారా?"

సారు ఏదో అనబోయాడు. ఈలోగా హెన్రీ ఇంటి పైకప్పు ఒక్కసారి ఊగింది, హెన్రీ మొహం కనిపించింది. మా వాడిదీ అంతేనమ్మా, నిద్ర అని నేను నవ్వులాటకు చెప్పుకున్నా, వాడికి రాకనే పడుకుంటున్నాడు అన్నాడు. అన్నాక ఆయనే దిగాలు పడిపోయాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. మా అమ్మాయి పుస్తకమూ అట్లనే ఉంది. మా వాడు పక్కవాడి పుస్తకం ఫోటో తెప్పించుకుని దించుతున్నాడు. అప్పటిదాకా ఫోన్‌నూ, బడినీ, ప్రభుత్వాన్నీ తిట్టినవాళ్ళెవరూ తమ పిల్లలకు రాలేదన్న మాట మాత్రం నోటితో అనలేదు. అందరికీ పరువు ఉంది మరి.

ప్రమీలారాణి మేడం చాలాసేపటికి మైకు ఆన్ చేసింది. తనకు ఇరవై ఏళ్ళ సర్వీసు అనీ, క్లాసులో పిల్లల మొహం చూస్తే ఎవరికి రాలేదో ఇట్టే పట్టేస్తాననీ, ఈ గళ్ళల్లో మొహాలు లేకపోయేసరికి తనకు చేతులు విరిగినట్టుందనీ చెప్పింది.

"ఎవ్వరూ అడగకపోతే వచ్చిందనుకున్నాను. రాలేదేమోనని అనుమానం ఉంది. అనుమానం పైకి చెబితే నాకే చేతకాదంటారని భయపడ్డాను. తప్పు మీ ఒక్కరిదే కాదమ్మా," అంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. సర్కిల్స్ పాఠం మళ్ళీ మొదటినుంచి చెబుతానంది. పాఠం సగం సేపే, మిగతా సగం పిల్లలు అడగడానికేనంది. పుస్తకం ఫోటోలు రోజూ తనకు పంపమంది. మోహన్‌కృష్ణ సారు మొహం ఆముదం తాగినట్టుంది గానీ, ఆపెయ్యమని మాత్రం ఆరోజు ఎవరూ అనలేదు.

ఫోన్ పెట్టేశాక, హామీ అన్నావే అన్నాడు ఖలీలుల్లా, మెల్లగా, తిట్టినట్టు కూడా కాకుండా. జరీనా లేచింది. వసారాలోకి పోయి అత్త ఎదురుగా నిలబడింది. ఏమన్నా అననీ, పడదామనే పోయింది. మెహతాబ్‌బీ తల కూడా ఎత్తలేదు. గరిటె కాడను వెలుతురుకు పట్టుకుని చూసుకుంటూ ఉండిపోయింది. తిడితే బాగుండు, తిడితే ఏడ్చేసి తేలికపడేదాన్ని అనుకుంది జరీనా.

సోమవారం క్లాసులో తస్లీమా ఏమీ అడగలేదు. మంగళవారమూ అడగలేదు. మేడం పేరు పెట్టి పిలిచినా, లేదు మేడం అంటూ గొంతులోనే మింగేసింది. ఏడేళ్ళుగా మూసిన నోరు ఒక మీటింగుతో తెరుచుకుంటుందా ఎక్కడన్నా? జరీనా వసారాలో గరిటె పట్టుకుని చెవులు మాత్రం నడిమింట్లో పెట్టుకునేది. పక్కన అత్త. పండగకు ఇక మూడు వారాలు కూడా లేవు.

బుధవారం నెట్ మరీ అధ్వానంగా ఉంది, దానికి తోడు వాకిట్లో ఆర్డర్ కొయ్య కోసే కూలీల రంపం మోత. మేడం గొంతు తెగి తెగి వస్తోంది. ఉన్నట్టుండి లోపల నుంచి తస్లీమా గొంతు వినిపించింది. సన్నగా, వణుకుతూ.

"మేడం, నాకు కనపడలేదు. అక్కడ గుండ్రం తెగిపోయినాది."

జరీనా చేతిలో ఆకురాయి ఆగింది. అవతల మేడం గొంతులో సంతోషం ఇక్కడి దాకా వచ్చింది. శభాష్ తల్లీ, ఇంకోసారి వేస్తా చూడు అంది. మళ్ళీ వేసింది. ఇప్పుడు కనపడిందా అంటే, కనపడింది గానీ అర్థం కాలేదు మేడం అంది పిల్ల. రెండో మాటకు గొంతు వణకలేదు. ఆ వెనకనే ఇంకో పిల్లాడి గొంతు, నాకూ మేడం అంటూ. హెన్రీ కొడుకై ఉండాలి, నిద్ర మత్తు ఇంకా వదల్లేదు.

పన్నెండింటికి క్లాసు అయిపోయింది. తస్లీమా పుస్తకం పట్టుకుని వసారాలోకి వచ్చింది. కొత్త పుస్తకంలో మొదటిసారి గుండ్రం గుండ్రంగా ఉంది. పక్కన గీత బయటి చుక్క నుంచి నేరుగా వచ్చి గుండ్రానికి ఒకే ఒక్క చోట తగిలి ముందుకు పోయింది. తల్లికి చూపిద్దామని చాపింది. అందుకున్నది తల్లి కాదు, నాయనమ్మ. మెహతాబ్‌బీ ఆ పేజీని గరిటె కాడను చూసినట్టే వెలుతురుకు పట్టి, దూరంగా జరిపి, దగ్గరకు తెచ్చి, చాలాసేపు చూసింది. ఇక తీర్పు వచ్చేస్తుంది, వచ్చేదేదో వచ్చెయ్యనీ అని జరీనా గట్టిగా కళ్ళు మూసుకుంది.

"ఈ గీత గుండ్రానికి ఒక్క తావులోనే తగలతా ఉండాది. ఎందుకట్టా?" అంది మెహతాబ్‌బీ.

జరీనా కళ్ళు తెరిచింది. ఇరవై ఏళ్ళలో ఆ నోటి నుంచి ఎందుకు అన్న మాట ఆమె వినలేదు. తస్లీమా కూడా గతుక్కుమంది. జవాబు కోసం పుస్తకంలోకి చూసింది, తల్లి వైపు చూసింది.

"తెలీదు దాదీమా," అంది చివరికి. "మేడం ఇంకా చెప్పలేదు. రేపు అడగతా."

మెహతాబ్‌బీ పుస్తకం మూసి, మీద పడిన కొయ్యపొట్టును కొంగుతో తుడిచి మనవరాలి చేతిలో పెట్టింది.

"అడిగి నాకొచ్చి చెప్పు," అంది. "తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఇక్కడ రంపం ఆపిస్తాలే. ఆ చప్పుడుకు నీకు సరిగ్గా వినపడతా ఉండదు."